రెండు టీబీ కోర్సులు వాడినా తగ్గని దగ్గు: రోగనిరోధక లోపంలో ఊపిరితిత్తుల వైద్యం

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఛాతీ డాక్టర్ల టేబుల్ మీదికి అప్పుడప్పుడు ఒక రకం ఫైలు వస్తుంటుంది. పాలిథిన్ కవర్లో చుట్ట చుట్టిన ఎక్స్‌రేలు నాలుగైదు, అంచులు నలిగిన రక్త పరీక్షల కాగితాలు, ఏ గోలీలు ఎప్పుడు వాడారో గుర్తులేక దాచిపెట్టుకున్న ఖాళీ స్ట్రిప్పులు. మనిషికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చిన్నప్పటి నుంచి చెవి కారడం, ముక్కు దిబ్బడ, ఏటా ఒకసారి నిమోనియా. తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనబడకపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి ఆరు నెలల కోర్సు ఒకసారి పెట్టారు. రెండేళ్లకు మళ్లీ పెట్టారు. తగ్గినట్టే తగ్గి దగ్గు తిరిగి వచ్చింది. ఇప్పుడు మేడ మెట్లెక్కితే దమ్ము వస్తోంది.

ఆ ఫైల్లో తప్పు చేసిన డాక్టరు ఎవరూ లేకపోవచ్చు. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న ప్రాంతంలో తగ్గని దగ్గుకు ముందుగా టీబీనే అనుమానించాలి. అది సరైన పద్ధతి. దానికి తోడు ఊపిరితిత్తులకు ఇక్కడ వేరే శత్రువులు చాలామందే ఉన్నారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు, జిన్నింగు మిల్లుల్లో పత్తి దూది, గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, సిరిసిల్లలో మరమగ్గాల గదులు, నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో బీడీ పొగాకు. దగ్గుకు ఇన్ని కారణాలు కళ్ల ముందే ఉన్నప్పుడు, మనిషి రక్తంలో క్రిములతో పోరాడే యాంటీబాడీలే తయారు కావడం లేదేమో అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. అది తట్టకపోవడం వల్ల ఏం జరుగుతుందో, తట్టినా వైద్య పరిశోధన ఇప్పటికి ఎంత సాయం చేయగలదో చూడాలి.

రోగనిరోధక లోపం అనగానే చాలామందికి హెచ్ఐవీ గుర్తొస్తుంది. అది తర్వాత వచ్చిపడే లోపం. క్యాన్సర్ మందులు, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు కూడా అదే పని చేస్తాయి. వీటికి భిన్నంగా, జన్యువుల్లోనే తేడా ఉండి పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని వందల రకాలున్నాయి. కొన్ని పసితనంలోనే బయటపడతాయి. కొన్ని ఇరవై, ముప్పై ఏళ్లు వచ్చేదాకా చాటుగా ఉంటాయి. పెద్దవాళ్లలో వైద్యం అవసరమయ్యేవాటిలో ఎక్కువగా కనిపించేది కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియన్సీ, డాక్టర్ల నోట సీవీఐడీ. ఇందులో యాంటీబాడీలు తయారుచేయాల్సిన బి కణాలు ఉన్నా సరిపడా తయారుచేయవు. టీకా వేసినా ఒంట్లో దాని గుర్తు నిలవదు.

ఈ వైద్యం మొదలైంది 1952లో. అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ దగ్గరికి ఎనిమిదేళ్ల అబ్బాయి వచ్చాడు. న్యుమోకాకస్ క్రిమి మళ్లీ మళ్లీ రక్తంలోకి పాకుతోంది. ఆ అబ్బాయి రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూస్తే, యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను బ్రూటన్ చర్మం కింద ఎక్కించాడు. జ్వరాలు ఆగిపోయాయి. ఆ జబ్బుకు కారణమైన జన్యువు 1993లో దొరికింది, దానికి ఆయన పేరే పెట్టారు. ఏది లేదో కనిపెట్టి దాన్నే తెచ్చి నింపడం ఆనాటి ఆలోచన. ఇప్పటికీ ఈ వైద్యానికి మూలస్తంభం అదే.

ఇప్పుడు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీల మందు, వేలమంది దాతల ప్లాస్మాను కలిపి, శుద్ధి చేసి తీసింది. మనిషి బరువులో ప్రతి కిలోకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల లెక్కన మూడు, నాలుగు వారాలకోసారి నరం ద్వారా ఎక్కిస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను కాసేపు బయట పెట్టి చల్లదనం పోయాక స్టాండుకు తగిలిస్తారు. మొదటి అరగంట చుక్కలు చాలా నెమ్మదిగా పడాలి. నర్సు వచ్చి బీపీ చూసి, చలి పెడుతోందా, తల నొస్తోందా అని అడిగి, అప్పుడు సెలైన్ పైపుకున్న చక్రాన్ని కాస్త తిప్పుతుంది. మొత్తం ఎక్కేసరికి మధ్యాహ్నం అవుతుంది. సీసాలో ఉండే ప్రధాన రకం యాంటీబాడీని ఐజీజీ అంటారు. ఎక్కిన ఐజీజీలో సగం మూడు వారాల్లో కరిగిపోతుంది. అందుకే ఇది ఒకసారి చేసి వదిలేసే వైద్యం కాదు, జీవితాంతం సాగేది. భూపాలపల్లి నుంచో ఆసిఫాబాద్ నుంచో వచ్చేవాళ్లకు నెలకో రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. డోసు తప్పడానికి మొదటి కారణం చాలాసార్లు ఇదే.

డోసు తప్పితే ఏమవుతుందో పరిశోధన అంకెల్లో చెప్పింది. 17 అధ్యయనాల్లోని 676 మంది రోగుల వివరాలను కలిపి 2010లో ఒక విశ్లేషణ వెలువడింది. తర్వాతి సీసా ఎక్కించే ముందు రక్తంలో మిగిలి ఉన్న ఐజీజీని కొలిచి, దానికీ నిమోనియాకూ ఉన్న సంబంధం చూశారు. ఆ మట్టం డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ నిమోనియా 27 శాతం తగ్గింది. మట్టం 500 దగ్గర ఉన్నవాళ్లకు 1000 దగ్గర ఉన్నవాళ్లకంటే ఐదు రెట్లు ఎక్కువగా నిమోనియా వచ్చింది. ఖర్చు తగ్గించుకుందామని రెండు నెలలకో సీసా ఎక్కించుకునే కుటుంబానికి ఈ ఒక్క అంకె అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలా మేలు జరుగుతుంది.

అయితే ఐజీజీ నిండుగా ఉన్నా కొందరిలో ఊపిరితిత్తులు పాడవుతూనే ఉంటాయి. నరం ద్వారా ఎక్కేది ఐజీజీ మాత్రమే. శ్వాసనాళాల లోపలి పొర మీద కాపలా కాసే ఇంకో రకం యాంటీబాడీ ఐజీఏను అది భర్తీ చేయలేదు. పాత నిమోనియాల వల్ల అప్పటికే వెడల్పై, గోడలు దెబ్బతిన్న శ్వాసనాళాల్లో తెమడ నిలిచిపోతుంది. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. పొద్దున లేవగానే గిన్నెడు పచ్చని తెమడ పడుతుందని రోగి చెప్పేది ఈ దశలోనే. తెమడ నిలిచిన చోట క్రిములు గూడు కట్టుకుంటాయి, క్రిములున్న చోట వాపు, వాపు వల్ల గోడలకు ఇంకొంత నష్టం.

ఈ చక్రాన్ని ఆపడానికి ఇటలీలో మంచి ప్రయోగం ఒకటి జరిగింది. యాంటీబాడీలు లోపించి, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన 89 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు అజిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు, వారానికి మూడు రోజులు. రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే, మందు లేని గోలీ. రెండేళ్లు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఉత్త గోలీ వేసుకున్నవాళ్లకు ఏడాదికి సగటున 5.2 సార్లు ఛాతీ జబ్బు తిరగబెట్టింది, అజిత్రోమైసిన్ వేసుకున్నవాళ్లకు 3.6 సార్లు. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం కూడా తగ్గింది. ఇంత అరుదైన జబ్బులో ఇలా పకడ్బందీగా నడిపిన పరీక్షలు చాలా తక్కువ. అందుకే దీనికి ఇంత విలువ.

దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ వాడడం మాత్రం కుదరదు. అజిత్రోమైసిన్ అంటే మన దగ్గర జలుబుకు కూడా మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మూడు గోలీల స్ట్రిప్పు. ఏళ్ల తరబడి వాడే ముందు తెమడలో టీబీ లేదని తేల్చుకోవాలి. టీబీకి దగ్గరి బంధువులైన ఇతర మైకోబాక్టీరియాలు కూడా లేవని చూసుకోవాలి. అవి ఉండగా ఈ మందు ఒక్కటే ఇస్తే, వాటిని లొంగదీయడానికి పనికొచ్చే ముఖ్యమైన మందే మొద్దుబారిపోతుంది. ఈసీజీ తీయాలి, చెవి వినికిడి గమనించాలి. ఇలాంటి జాగ్రత్తే లెవోఫ్లాక్సాసిన్ విషయంలోనూ అవసరం. నిమోనియా అని అది రాసిస్తే లోపలున్న టీబీ కొన్నాళ్లు అణిగి, పరీక్షల్లో దొరకకుండా తప్పించుకుంటుంది. టీబీ తక్కువగా ఉన్న దేశంలో జరిగిన పరిశోధనను టీబీ ఎక్కువగా ఉన్న జిల్లాలో వాడాలంటే మధ్యలో ఇన్ని మెట్లు దిగాలి.

ఇంతవరకు చెప్పుకున్నది క్రిముల వల్ల వచ్చే నష్టం. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. సీవీఐడీ ఉన్నవాళ్లలో సుమారు పది నుంచి ఇరవై శాతం మందికి ఏ క్రిమీ లేకుండానే ఊపిరితిత్తులు గట్టిపడుతుంటాయి. రోగనిరోధక శక్తి ఒకవైపు లేదు, ఇంకోవైపు ఉన్నది అదుపు తప్పింది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లోకి గుంపులుగా చేరి పేరుకుంటాయి, చిన్న చిన్న కణుపులు కడతాయి. ఆ కణుపులను గ్రాన్యులోమాలు అంటారు. 2004లో అమెరికాలోని డెన్వర్ పరిశోధకులు ఈ జబ్బుకు గ్రాన్యులోమేటస్ లింఫోసైటిక్ ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్ అని పేరు పెట్టారు. వైద్యులు ముద్దుగా గ్లిల్డ్ అంటారు. ఈ రకం ఉన్న రోగులు మిగతా సీవీఐడీ రోగుల కంటే చాలా ముందే చనిపోతున్నారని కూడా ఆ అధ్యయనమే చూపించింది.

ఉత్తర తెలంగాణలో గ్లిల్డ్ ఎందుకు దొరకదో ఇప్పుడు ఊహించవచ్చు. ఇక్కడ బయాప్సీ రిపోర్టులో గ్రాన్యులోమా అన్న మాట కనబడితే చదివేవాళ్ల మనసులో ముందు మెదిలేది టీబీ. ఎక్కువసార్లు అదే నిజం కూడా. కానీ రెండింటికీ తేడాలున్నాయి. టీబీ కణుపు నడుమ కణజాలం చచ్చి పెరుగులా విరిగి ఉంటుంది, గ్లిల్డ్ కణుపులో సాధారణంగా అలా ఉండదు, చుట్టూ లింఫోసైట్లు దట్టంగా కమ్ముకుని ఉంటాయి. సీటీ స్కాన్‌లో పెద్దవాళ్ల టీబీ ఎక్కువగా ఊపిరితిత్తి పై భాగాన్ని పట్టుకుంటుంది, గ్లిల్డ్ మచ్చలు కింది భాగంలో ఎక్కువ. ప్లీహం పెరిగి ఉండడం, ప్లేట్‌లెట్లు ఊరికే పడిపోవడం, ఒంట్లో ఎర్ర రక్తకణాలు తమంతట తామే విరిగిపోవడం, వీటిలో ఏదో ఒకటి తోడుగా కనిపిస్తుంటుంది. ఇవేవీ టీబీని పూర్తిగా కొట్టిపారేసేవి కావు. టీబీ కోసం చర్మం మీద చేసే మాంటూ పరీక్ష నెగెటివ్ వచ్చినా నమ్మలేం, ఎందుకంటే రోగనిరోధక లోపం ఉన్న మనిషిలో టీబీ ఉన్నా ఆ పరీక్ష పలకకపోవచ్చు. అందుకే ఇక్కడి డాక్టరు పని లండన్ డాక్టరు పనికంటే కష్టం.

తేల్చుకోకపోతే వచ్చే ప్రమాదం రెండు వైపులా ఉంది. గ్లిల్డ్‌కు టీబీ మందులు ఇస్తే ఆరు నెలలు వృథా, లివర్ మీద భారం. టీబీకి గ్లిల్డ్ మందులు ఇస్తే ప్రాణం మీదికే వస్తుంది. గ్లిల్డ్ మందులంటే రోగనిరోధక శక్తిని అణిచే మందులు మరి. ఇమ్యూనిటీ లేని మనిషికి ఇమ్యూనిటీని తగ్గించే మందా అని రోగి బంధువులు అడిగితే ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రంగంలో పరిశోధకులు తలలు పట్టుకునేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

మొదట ఇచ్చేది స్టెరాయిడ్లు. ప్రెడ్నిసొలోన్‌తో చాలామందికి దమ్ము తగ్గుతుంది, స్కాన్ మెరుగవుతుంది. డోసు తగ్గించగానే కొందరికి మళ్లీ మొదటికొస్తుంది. ఏళ్ల తరబడి పెద్ద డోసు వాడితే షుగరు, ఎముకల బలహీనత, కొత్త ఇన్ఫెక్షన్లు. అందుకని ఇంకో దారి వెతికారు. 2013లో అమెరికా వైద్యులు ఏడుగురు రోగులకు రిటుక్సిమాబ్‌ను, అజాథయోప్రిన్‌ను కలిపి ఇచ్చి ఫలితం చూశారు. స్కాన్లు, ఊది చూసే పరీక్షలు రెండూ మెరుగయ్యాయి. 2021లో అదే దారిలో 39 మంది వివరాలు వచ్చాయి, అందులోనూ ఎక్కువమందికి మేలు జరిగింది. రిటుక్సిమాబ్ బి కణాలను తుడిచిపెట్టే మందు. మామూలు మనిషికి ఇస్తే యాంటీబాడీలు తగ్గుతాయన్న భయం ఉంటుంది. సీవీఐడీ రోగి బి కణాలు ఎలాగూ పనికొచ్చే యాంటీబాడీలు ఇవ్వడం లేదు, బయటి నుంచి సీసా ఎక్కుతూనే ఉంది. కాబట్టి ఆ నష్టం ఇక్కడ తక్కువ. విడ్డూరంగా అనిపించే ఈ వైద్యం వెనక ఉన్న తర్కం ఇది.

ఇంకో దారి జన్యువుల వైపు నుంచి తెరుచుకుంది. రోగనిరోధక శక్తిని నడిపే టి కణాల మీద సీటీఎల్ఏ-4 అనే బ్రేకు ఉంటుంది. ఆ జన్యువు ఒక కాపీ పాడైతే బ్రేకు సగమే పడుతుందని 2014లో తేలింది. ఎల్ఆర్‌బీఏ అనే ఇంకో ప్రోటీన్ లోపిస్తే, తయారైన బ్రేకు కూడా కణం లోపలే అరిగిపోతుంది. ఇలాంటివాళ్లలో కొందరిని అంతకుముందు సీవీఐడీ కిందే లెక్కగట్టేవారు. లోపించిన బ్రేకును పోలిన మందు ఒకటి కీళ్లవాతానికి 2005 నుంచే వాడుకలో ఉంది, పేరు అబాటసెప్ట్. దాన్ని ఎల్ఆర్‌బీఏ లోపం ఉన్న కొద్దిమందికి ఇస్తే ఊపిరితిత్తుల పని బాగా మెరుగైందని 2015లో ప్రచురించారు. ప్రయోగశాలలో ఇంకో విషయం కూడా బయటపడింది. మన ఏజెన్సీ ఊళ్లలో మలేరియా గోలీగా తెలిసిన క్లోరోక్విన్ కలిపితే, అరిగిపోతున్న ఆ బ్రేకు కణాల్లో మళ్లీ నిలబడింది. గాజు పాత్రలో జరిగింది మనిషిలో జరుగుతుందని చెప్పలేం. అయినా జబ్బు ఎక్కడ మొదలైందో కచ్చితంగా తెలిస్తే మందు వెతుకులాట ఎంత సూటిగా మారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. సీవీఐడీ, ఊపిరితిత్తుల జబ్బు రెండూ ఉన్నవాళ్లలో అబాటసెప్ట్‌ను ఉత్త మందుతో పోల్చి చూసే పరీక్షను బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రి చేపట్టింది.

పైన చెప్పిన అంకెలను మరోసారి చూడండి. ఏడుగురు. 39 మంది. 89 మంది. బీపీ మందును పరీక్షించాలంటే వేలమందిని చేరుస్తారు. గ్లిల్డ్‌కు ఏ మందు ముందు వాడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడానికి 2017లో బ్రిటన్ నిపుణులు కూర్చుని రాసిన పత్రం కూడా ఎక్కువగా అనుభవం మీద, ఏకాభిప్రాయం మీద ఆధారపడిందే. పైగా ఏడుగురిది, 39 మందిది జరిగిపోయిన వైద్యం వివరాలు వెనక్కి తిరిగి చూసి రాసినవి. వాటిలో పోల్చడానికి రెండో జట్టు లేదు. బాగైన మనిషి మందు వల్లే బాగయ్యాడా అన్న అనుమానం అలాగే ఉంటుంది.

హెచ్ఐవీ విషయంలో ఇలా జరగలేదు. అక్కడ రోగుల సంఖ్య పెద్దది, దానివల్ల జవాబులూ త్వరగా వచ్చాయి. న్యుమోసిస్టిస్ నిమోనియా అనే జబ్బుతో ఐదుగురు యువకులు లాస్ ఏంజిలిస్‌లో కనిపించారని 1981 జూన్‌లో వార్త వచ్చింది. 1990 కల్లా ఆ నిమోనియాలో ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్లకు కో-ట్రైమోక్సజోల్‌తో పాటు స్టెరాయిడ్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని చీటీ పద్ధతి పరీక్షలు తేల్చేశాయి. రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషికి స్టెరాయిడ్ ఇవ్వడం అప్పుడూ విడ్డూరమే. టీబీ మందులు వాడుతూ హెచ్ఐవీ మందులు మొదలుపెట్టినవాళ్లలో, కోలుకుంటున్న రోగనిరోధక శక్తే ఒక్కసారిగా విరుచుకుపడి దగ్గు, జ్వరం పెంచుతుంది. దక్షిణాఫ్రికాలో 240 మందితో జరిపిన పరీక్షలో నాలుగు వారాల ప్రెడ్నిసోన్ దీన్ని 47 శాతం నుంచి 33 శాతానికి దించింది. ఆ ఫలితం 2018లో వచ్చింది. ఇలాంటి రోగులు హెచ్ఐవీ మందులిచ్చే వరంగల్ ఏఆర్‌టీ కేంద్రానికి కొత్తేమీ కాదు కాబట్టి ఆ పరిశోధన ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

పుట్టుకతో వచ్చే లోపాలకు ఆ సంఖ్య లేదు. నిజంగానే లేదా, లేక లెక్కలోకి రావడం లేదా? పాశ్చాత్య దేశాల లెక్క ప్రకారం పాతిక వేల నుంచి యాభై వేల మందిలో ఒకరికి సీవీఐడీ ఉంటుంది. ఆ నిష్పత్తి ఇక్కడా వర్తిస్తుందనుకుంటే, 2011 జనాభా లెక్కల్లో 35 లక్షల మంది ఉన్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో 70 నుంచి 140 మంది ఉండాలి. వాళ్లలో గ్లిల్డ్ ఉన్నవాళ్లు ఏడుగురి నుంచి 28 మంది. ఇది కాగితం మీది లెక్క మాత్రమే. అయినా ఒక్క పాత జిల్లాలోనే, 2013 నాటి అమెరికా అధ్యయనంలో ఉన్నంత మంది ఉండే అవకాశం కనబడుతోంది. వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు? చాలామంది టీబీ, ఆస్తమా, దుమ్ము జబ్బు అనే పేర్లతో తిరుగుతూ ఉండాలి. కొందరు పేరు కూడా లేకుండా పోయి ఉండాలి.

వెతకడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. లివర్ ఫంక్షన్ టెస్టు రిపోర్టు దాదాపు ప్రతి రోగి ఫైల్లోనూ ఉంటుంది, ఎందుకంటే టీబీ మందులు మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయిస్తారు. ఆ కాగితంలో టోటల్ ప్రోటీన్ అని ఒక వరుస, దాని కింద ఆల్బుమిన్ అని ఇంకో వరుస. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది గ్లోబ్యులిన్. యాంటీబాడీలన్నీ ఉండేది ఆ మిగులులోనే. టోటల్ ప్రోటీన్ 6.0, ఆల్బుమిన్ 4.4 ఉందనుకుంటే గ్లోబ్యులిన్ 1.6 గ్రాములు. మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లతో బాధపడే మనిషిలో గ్లోబ్యులిన్ పెరగాలి, మన దగ్గర పెరిగే ఉంటుంది కూడా. అది పడిపోయి ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఈ తీసివేత లెక్కనే పద్ధతిగా పెట్టి, గ్లోబ్యులిన్ డెసీలీటరుకు 1.8 గ్రాముల కంటే తక్కువ వచ్చినవాళ్ల రక్తాన్ని యాంటీబాడీ పరీక్షకు పంపారు. అంతవరకు ఎవరూ గుర్తించని రోగులు అలా బయటపడ్డారు.

ఆల్బుమిన్ కూడా తగ్గి ఉంటే కిడ్నీల ద్వారానో పేగుల ద్వారానో ప్రోటీన్ పోతోందేమో చూడాలి. కొందరిలో మొత్తం గ్లోబ్యులిన్ మామూలుగా ఉన్నా ఒక రకం యాంటీబాడీ లోపించవచ్చు. అందుకే ఇది అనుమానం పుట్టించే గుర్తు, నిర్ధారణ కాదు. కానీ వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానలో, 1959 నుంచి నడుస్తున్న కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థుల చేతుల్లో, పెద్ద ఖర్చు లేకుండా చేయదగిన పరిశోధన ఇది. తెమడలో క్రిమి దొరకకుండా టీబీ కోర్సు మొదలుపెట్టినవాళ్లు, ఏడాదిలో రెండోసారి నిమోనియాతో చేరినవాళ్లు, ధూళి పని చేయకపోయినా బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లు. వీళ్ల పాత కాగితాల్లో ఆ తీసివేత చేసి, తక్కువ వచ్చినవాళ్లకు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్ష చేయిస్తే చాలు. దొరికిన ప్రతి పేరూ ఒక రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. రేపు ఏ పెద్ద పరీక్షకైనా ఆ రిజిస్టరే పునాది. కొత్త మందు కనిపెట్టడం కంటే ముందు జరగాల్సిన పని ఇదేనన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

పరిశోధన అనే మాటకు ఈ ప్రాంతంలో ఒక మచ్చ ఉంది. దాన్ని దాచి మాట్లాడడం న్యాయం కాదు. కరీంనగర్ జిల్లా జమ్మికుంట వైపు నుంచి యువకులు డబ్బు కోసం వేరే రాష్ట్రానికి వెళ్లి ఔషధ పరీక్షలకు ఒళ్లప్పగించిన సంగతి 2017లో బయటపడింది. అప్పటి నుంచి క్లినికల్ ట్రయల్ అంటే జనం టెన్షన్ పడుతున్నారంటే తప్పు పట్టలేం. అది ఆరోగ్యవంతులకు డబ్బిచ్చి మందును పరీక్షించే వ్యవహారం. జబ్బు మనిషికి మేలైన వైద్యం ఏదో తేల్చే పరీక్ష వేరు. రెండింటికీ నియమాలు ఉండాల్సిందే, ఉన్నాయి కూడా. మన దేశంలో ట్రయల్స్ వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ 2007లో మొదలై, 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చీటీ పద్ధతి అంటే ఏమిటో, ఉత్త మందు వచ్చే అవకాశం ఎంతో, మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదనీ తెలుగులో కూర్చుని చెప్పకుండా తీసుకున్న సంతకానికి విలువ లేదు.

డబ్బు మాట కూడా ఉంది. 2021 నాటి జాతీయ అరుదైన జబ్బుల విధానంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమయ్యే పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు చోటుంది. గుర్తించిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. మనకు దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లో జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది. జన్యు పరీక్షకు, మొదటి నిర్ధారణకు కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లడం సరే. ప్రతి నెలా సీసా ఎక్కించుకోవడానికి కూడా వెళ్లాలంటే పేదవాళ్లకు సాగదు. యాభై కిలోల మనిషికి కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున నెలకు 20 గ్రాములు, అలా బతికినంత కాలం. ఎంత పెద్ద మొత్తమైనా పరిమితి ఉన్న సాయం పరిమితి లేని అవసరాన్ని ఎక్కడో ఒకచోట తీర్చలేకపోతుంది. నిర్ధారణ హైదరాబాద్‌లో, నెలనెలా ఎక్కించడం జిల్లా ఆసుపత్రిలో అన్న ఏర్పాటు ఉంటే డోసులు తప్పవు. డోసులు తప్పకపోతే నిమోనియా ఎంత తగ్గుతుందో 2010 విశ్లేషణ చెప్పే ఉంది.

అనుమానం వచ్చిన రోజు చేయాల్సినవాటిలో ఒకదానికి మాత్రం వరుస తప్పకూడదు. రోగి ఆయాసంతో వచ్చి, పరిస్థితి విషమించి, ఇమ్యునోగ్లోబ్యులిన్ వెంటనే ఎక్కించాల్సి వస్తే, అంతకుముందే రెండు ట్యూబుల రక్తం తీసి పక్కన పెట్టాలి. ఒకసారి సీసా ఎక్కిందంటే ఆ మనిషి రక్తంలో వేలమంది దాతల యాంటీబాడీలు కలిసిపోతాయి. ఐజీజీ మట్టం మామూలుగా కనిపిస్తుంది. టీకాకు ఒళ్లు పలికిందా లేదా అన్నది తెలియదు, పాత ఇన్ఫెక్షన్ల కోసం చేసే యాంటీబాడీ పరీక్షలు దాతల జవాబులే చెబుతాయి. ఆ మనిషి సొంత లెక్క మళ్లీ చూడాలంటే నెలల తరబడి సీసా ఆపాలి. ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నవాళ్లకు అన్ని నెలలు ఆపడానికి ఏ డాక్టరూ సాహసించడు.